స్వీటు పేరులో గొర్రె

ఎడిటర్ గారికి నమస్కారం. ఆదివారం పేజీల్లో విదేశీ స్వీట్ల గురించి రాసేవాళ్ళు రుచి, తయారీ చెప్పి ఊరుకుంటున్నారు, పేరు సంగతి మాత్రం పట్టించుకోవడం లేదు. జపాన్ వాళ్ళ యోకాన్‌నే తీసుకోండి. ముదురు రంగులో సబ్బు బిళ్ళలా నున్నగా మెరుస్తుంది, ముక్కలు కోసి టీతో తింటారు. కానీ ఆ పేరు రాసే రెండు అక్షరాలూ చైనావి, వాటి అర్థం గొర్రె మాంసంతో చేసిన చిక్కటి పులుసు! మొదటి అక్షరమే గొర్రె. రెండోదాన్ని విడదీస్తే పైన గొర్రెపిల్ల, కింద ‘అందం’ అనే అక్షరం, అందులోనూ మళ్ళీ గొర్రే ఉంది, ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

చైనా నుంచి ఈ వంటకాన్ని తెచ్చుకున్న జెన్ సన్యాసులు మాంసం ముట్టరు కాబట్టి అజుకి అనే చిన్న ఎర్ర గింజలతో చేసుకున్నారు, తర్వాత ఎడో కాలంలో (1603–1868) సముద్రపు నాచు నుంచి తీసే అగర్, పంచదార కలిసి అది గట్టి స్వీటైంది. మాంసమూ పోయింది, పులుసూ పోయింది, పేరు అలాగే ఉంది.

అలాగే చైనాలో సూప్‌కి రాసే ‘తాంగ్’ అక్షరానికి జపాన్‌లో అర్థం వేడినీళ్ళు, అక్కడ స్నానశాలల గుమ్మాల మీద కనిపిస్తుంది. దయచేసి ఇలాంటి పేర్లకు వారానికి నాలుగు లైన్లయినా ఇవ్వండి.

– ఒక పాఠకురాలు