కాఫీ పొడి కల్తీపై ఆంధ్రప్రదేశ్ ఆహార భద్రత కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

కాఫీ పొడిలో చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి) కలపడం తప్పు కాదు. కాఫీ 51 శాతానికి తగ్గకుండా, పాళ్లు ప్యాకెట్ మీద వేసి అమ్మొచ్చు. 'అచ్చమైన కాఫీ' అంటూ చికోరీయో, చింతగింజల పొడో కలిపి అమ్మితేనే కల్తీ. గ్లాసుడు చన్నీళ్ల మీద పొడి చల్లితే చికోరీ గోధుమరంగు చారలు వదులుతూ మునుగుతుంది. ఎంత కలిపారో మాత్రం నీళ్లు చెప్పవు.

దానికి ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ పెట్టించండి. పొడి పరారుణ కాంతిని ఎక్కడెక్కడ ఎంత పీల్చుకుందో శిఖరాలున్న గీతగా గీసి చూపే యంత్రమది. సెంటీమీటరుకు తరంగాల లెక్కన కాఫీలోని కొవ్వు 1743 దగ్గర, కెఫీన్ 1650–1700 మధ్య శిఖరాలు చూపిస్తాయి. చికోరీలో కెఫీన్ ఉండదు, కొవ్వూ స్వల్పమే. కలిపేకొద్దీ ఆ రెండూ కుంగుతాయి.

అయితే ఒక్క శిఖరాన్ని నమ్మొద్దు. కాఫీలో రెండు రకాలైన రోబస్టా, అరబికాల్లో రోబస్టాకు సహజంగానే కొవ్వు తక్కువ, కెఫీన్ ఎక్కువ. మాడు వేపుడూ గీతను మారుస్తుంది. అరకు అరబికా, రోబస్టా రెండింటినీ లేత, ముదురు వేపుళ్లలో తీసుకుని 0, 5, 10, 20, 30, 49 శాతం చికోరీతో తూకం వేసి నమూనాలు చేయించి, యంత్రానికి వాటితోనే నేర్పించాలి.

ఎక్కువగా దెబ్బతీసేది తేమ. నీటి శిఖరం 1640 దగ్గరే వచ్చి కెఫీన్‌ను కమ్మేస్తుంది. పొడి ఆరబెట్టి, ఒకే జల్లెడ పట్టి, ఒక్కో నమూనాను మూడుసార్లు చదివించండి. అనుమానం తగిలినవాటికి ప్రయోగశాలలో కెఫీన్ కొలిపించాకే కేసు రాయించండి.

ఇట్లు,
కాఫీ నాణ్యత పరీక్షకులు