కొవ్వాడపై ఎవరి మాట ఏమిటి?

సంపాదకులకు,

మా శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో తలపెట్టిన అణువిద్యుత్ కేంద్రం గురించి రాస్తున్నాను. నేను అణువిద్యుత్తుకు వ్యతిరేకిని కాను. విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి. 2018లో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం ఊళ్లలో జనం కరెంటు కోసం ఎలా ఎదురుచూశారో కళ్లారా చూశాను. నా కోపం రియాక్టర్ల మీద కాదు, వాటి గురించి పార్టీలు ఆడే మాటల మీద.

2008 జూలై 22న అమెరికాతో అణు ఒప్పందంపై మన్మోహన్ సింగ్ ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడితే భాజపా, తెదేపా, వామపక్షాలు ఒక్కటై వ్యతిరేకంగా ఓటేశాయి. 2010లో అణు ప్రమాద పరిహార చట్టం వచ్చినప్పుడు, పరికరాల్లో లోపముంటే సరఫరా చేసిన కంపెనీని కూడా నిలదీసే హక్కు ఉండాలని పట్టుబట్టినవారిలో భాజపా ముందుంది. భోపాల్ ఎవరూ మరచిపోలేదు కాబట్టి ఆ పట్టుదల సబబే. మరి 2025 డిసెంబరులో అదే భాజపా ప్రభుత్వం తెచ్చిన కొత్త చట్టంలో ఆ హక్కు ఏమైంది? కొనుగోలు ఒప్పందంలో రాసుకుంటే తప్ప, లోపం పేరుతో సరఫరాదారును పట్టుకునే దారి మూసుకుపోయింది. ప్రైవేటు కంపెనీలకు మాత్రం తలుపులు తెరుచుకున్నాయి. తెదేపా ఆ ప్రభుత్వంలో భాగస్వామి.

అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లను మొదట గుజరాత్‌లోని మీఠీవిర్దీలో పెట్టాలనుకున్నారు. అక్కడి రైతులు ససేమిరా అన్నారు. 2016లో అవి కొవ్వాడకు మళ్లాయి. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు. అప్పుడు ఇక్కడ తెదేపా, అక్కడ భాజపా ప్రభుత్వాలు. గుజరాత్ రైతు వద్దంటే చెల్లింది, సిక్కోలు మత్స్యకారుడు వద్దంటే అభివృద్ధి నిరోధకుడయ్యాడు! మరుసటి ఏడాదే ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. 2019 నుంచి అయిదేళ్లు పాలించిన వైకాపా కూడా ప్రాజెక్టును రద్దు చేయలేదు, కట్టనూ లేదు. విదేశీ రియాక్టర్లు వద్దని సీపీఎం మాత్రం మొదటినుంచీ ఒకే మాట మీద ఉంది. ఆ వాదనతో నాకు ఏకీభావం లేదు, కానీ వాళ్ల మాట ఏమిటో నాకు తెలుసు.

ఈ నాన్చుడు ఖరీదు ఊళ్లు కడుతున్నాయి. మా చెల్లెలి అత్తవారిది కొవ్వాడ పక్క ఊరే. మేనల్లుడు ఇంటి మీద శ్లాబు వేసుకుందామంటే, ప్రాజెక్టు కోసం ఎలాగూ ఖాళీ చేయాల్సిన ఊరికి సిమెంటు ఎందుకని పెద్దలు ఆపుతారు. పోనీ ఖాళీ చేద్దామంటే ఎప్పుడో చెప్పేవాళ్లు లేరు. వానాకాలం వచ్చిందంటే కారే చోట గిన్నె పెట్టుకోవడమే.

వచ్చే ఎన్నికల్లో కొవ్వాడ ఉన్న ఎచ్చెర్ల నియోజకవర్గంలో ఓటు అడిగే ప్రతి పార్టీ మూడు సంగతులు ప్రణాళికలో రాయాలి: కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం కావాలా వద్దా, కావాలంటే ఊళ్లను ఏ సంవత్సరంలోగా తరలిస్తారు, ప్రమాదం జరిగితే చేపల వేట పోగొట్టుకున్న కుటుంబానికి డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది. సభల్లో చెబితే చాలదు, అచ్చులో కావాలి.

– ఒక విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్, రణస్థలం, శ్రీకాకుళం జిల్లా