గుంటూరు పెద్దాసుపత్రిలో మాకో వరండా ఇప్పించండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఉన్న మనిషి లేచి నిలబడబోతే ఇంట్లో అందరూ అడ్డుపడతారు. "నువ్వు కూర్చో నాన్నా, నేను తెస్తాగా" అని మంచినీళ్లు కూడా చేతికే అందిస్తారు. ప్రేమే, కాదనను. కానీ మమ్మల్ని మంచాన పడేసేది కూడా అదే. ఆయాసమొస్తుందని నడక మానేస్తాం. మానేసిన కొద్దీ తొడల్లో కండ కరిగిపోతుంది. కండ కరిగిన కాళ్లతో అదే దూరం నడిస్తే ఆయాసం ఇంకా ముందే వస్తుంది. వీధి చివరి దాకా వెళ్లొచ్చే మనిషి చివరికి స్నానాల గది దాకా కూడా ఆగి ఆగి వెళ్తాడు.

దీనికి పల్మనరీ రిహాబిలిటేషన్ అనే వైద్యం ఉంది. పేరు చూసి భయపడనక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు, వారానికి కనీసం రెండు రోజులు, ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చేయిస్తారు. నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులెత్తడం, విజిల్ వేసేటప్పటిలా పెదాలు దగ్గరపెట్టి మెల్లగా ఊపిరి వదలడం. ఆయాసం కొంత రావాల్సిందే, మాట పెగలనంత మాత్రం రాకూడదు. పాడైన ఊపిరితిత్తులు దీనితో బాగుపడవు, ఇన్‌హేలర్ మానేయడానికీ లేదు. అయినా కాళ్లకు సత్తువ వస్తుంది, ఆయాసమంటే బెదురు తగ్గుతుంది. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరి వచ్చినవాళ్లు వెంటనే మొదలుపెడితే మళ్లీ చేరాల్సిన అవసరం కూడా తగ్గుతుంది.

నేను చూపించుకునే చోట నాకు దొరికిన సలహా మాత్రం ఒక్కటే: "వాకింగ్ చెయ్యండి." ఎంతసేపు? ఎంత వేగం? ఎక్కడ ఆగాలి? నడుస్తుంటే కొందరికి రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కంటే కిందికి పడిపోతుంది, వేలికి ఆక్సీమీటర్ పెడితే గానీ తెలియదు. కొందరికి గుండె జబ్బు కూడా ఉంటుంది. ఎవరికి ఎంత తగునో చూసి చెప్పే మనిషి కావాలి.

ఇది చుట్టలు, బీడీలు కాల్చేవాళ్ల జబ్బని తేల్చేయకండి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి ఆ మాటా కొంత ఒప్పుకోవాల్సిందే. కానీ కట్టెల పొయ్యి ఊదుతూ వంట చేసిన ఆడవాళ్లున్నారు, పాతికేళ్లు జిన్నింగ్ మిల్లు దూది ధూళిలో పనిచేసినవాళ్లున్నారు, టీబీ తగ్గినా ఊపిరి సరిగా ఆడనివాళ్లున్నారు. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కూలీలు, తొడిమలు తీసే ఆడకూలీలు ఆ ఘాటులో దగ్గుతూనే పొద్దు గడుపుతారు. వాళ్లలో ఆయాసం ఉన్నవాళ్లను పార్కుకు వెళ్లి నడవమంటే ఏం లాభం? రోహిణి కార్తెలో గుంటూరు ఎండకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే బయటికి రారు.

2025 జూన్ 21న విశాఖ తీరంలో లక్షల మందిని కూర్చోబెట్టి యోగా చేయించిన ప్రభుత్వం మీది. మేం అడిగేది అందులో వెయ్యో వంతు కూడా కాదు. పెద్దాసుపత్రిలో ఎండ తగలని వరండా ఒకటి. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో కొలిచే పరీక్షకు 30 మీటర్ల తిన్నని దారి కావాలి గనుక అంత పొడవుండాలి. చేతుల్లేని కుర్చీలు, ఆక్సీమీటర్లు, అవసరానికి ఆక్సిజన్ సిలిండర్. అన్నిటికంటే ముఖ్యం, ఈ పనికే కేటాయించిన ఫిజియోథెరపిస్టు. ఓపీ రద్దీ పెరగ్గానే ఆ మనిషిని ఇంకోచోటికి పంపేస్తే మొత్తం మూలపడుతుంది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో కూడా ఈ శిక్షణకు చోటుండేలా చూడండి.

ఇంకొక్క మాట. బ్యాచ్‌లు ఉదయమే పెడితే నాలాంటి పెన్షనర్లు వస్తారు, యార్డు వాళ్లు రారు. కూలి పోగొట్టుకుని వారానికి రెండు రోజులు రమ్మంటే ఎవరొస్తారు? సాయంత్రం ఆరు తర్వాత ఒక బ్యాచ్ పెట్టించండి.

ఇట్లు,
సీఓపీడీతో బతుకుతున్న ఒక రిటైర్డ్ ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు