విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని వాడుకోవడం నేర్పాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పరీక్షలు దగ్గరపడగానే విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు కిక్కిరిసిపోతాయి. కానీ అక్కడ కూర్చున్నవారిలో చాలామంది ముందు కనిపించేవి వారు వెంట తెచ్చుకున్న నోట్సులూ, సొంత పాఠ్యపుస్తకాలే. ప్రశాంతమైన చోటు కోరుకోవడంలో తప్పేమీ లేదు. అదీ గ్రంథాలయం అందించే సేవే. అయితే తరతరాలుగా సేకరించిన పుస్తకాలు, చందా కట్టి తెప్పిస్తున్న పరిశోధన పత్రికలు, వాటిని వెతికిపెట్టడంలో శిక్షణ పొందిన సిబ్బంది అందుబాటులో ఉండగా, ఒక విద్యార్థి పట్టా పుచ్చుకునే నాటికి అక్కడి బల్లను, కుర్చీని మాత్రమే వాడుకుని వెళ్లిపోవడం అధ్యాపకురాలిగా నన్ను ఎంతో బాధిస్తోంది. ఇందులో విద్యార్థి దోషం తక్కువ. గ్రంథాలయాన్ని ఎలా వాడుకోవాలో అతనికి అవసరమైన సమయంలో ఎవరూ నేర్పలేదు. ఆ బోధనను పాఠ్యక్రమంలో చేర్చాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

తాగునీటి కాలుష్యంపై వ్యాసం రాయమన్నారనుకుందాం. పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలు కేటాయించే డ్యూయీ దశాంశ వర్గీకరణ ప్రకారం సర్దిన గ్రంథాలయంలో ఈ అంశం ఒకే బీరువాలో దొరకదు. నీటి శుద్ధికి సంబంధించిన ఇంజనీరింగ్ పుస్తకాలు 628లో, జలశాస్త్ర గ్రంథాలు 551లో, నీటిని సహజ వనరుగా పరిశీలించేవి 333లో, కాలుష్య చట్టాలు 344లో, కాలుష్యాన్ని సామాజిక సమస్యగా చర్చించేవి 363లో ఉంటాయి. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన ఈ పద్ధతి పుస్తకాలను ముందుగా శాస్త్రాల వారీగా విభజిస్తుంది కాబట్టి, ఒకే వస్తువు గురించిన పుస్తకాలు వేర్వేరు చోట్లకు చేరతాయి. ఈ సంగతి తెలియని విద్యార్థి ఒక అర చూసి, రెండు మూడు పుస్తకాలు తిరగేసి, ఉన్నవి ఇంతేననుకుని వెనుదిరుగుతాడు. తెలిసిన విద్యార్థి మొదట కేటలాగులో తన అంశానికి సరిపోయే ఒక పుస్తకాన్ని పట్టుకుని, దాని వివరాలలో ఇచ్చిన విషయ శీర్షిక (ఒకే అంశంపై ఉన్న పుస్తకాలన్నిటికీ గ్రంథాలయం ఇచ్చే ఉమ్మడి పేరు) ఆధారంగా మళ్లీ వెతికి, చెదిరి ఉన్న పుస్తకాలను ఒకే జాబితాలో చూడగలుగుతాడు. ఆ తరువాత అరల దగ్గరికి వెళ్లి ఇరుపక్కల ఉన్నవాటినీ పరిశీలిస్తాడు. తాను వెతకని మంచి పుస్తకం కంటపడేది అక్కడే.

పరిశోధన పత్రికల విషయంలో జరిగే నష్టం ఇంకా పెద్దది. ఇంటర్నెట్‌లో ఒక వ్యాసం పేరు దొరుకుతుంది. తెరవబోతే ప్రచురణ సంస్థ డబ్బు అడుగుతుంది. విద్యార్థి అక్కడితో ఆగిపోయి, పైన కనిపించిన నాలుగు వాక్యాల సారాంశంతో సరిపెట్టుకుంటాడు. అదే పత్రికకు అతని విశ్వవిద్యాలయం అప్పటికే చందా కట్టి ఉండవచ్చు. పాఠకుడు ఆ విశ్వవిద్యాలయానికి చెందినవాడని నిర్ధారణ అయితే గానీ వ్యాసం తెరుచుకోదు కనుక, బయటి నుంచి చదవాలనుకునేవారు సాధారణంగా గ్రంథాలయ వెబ్‌సైటు ద్వారా లాగిన్ కావాలి. ఇంత చిన్న విషయం తెలియక పరిశోధక విద్యార్థులు సైతం ఇబ్బంది పడుతున్నారు. వ్యాసం చివరి ఉపయుక్త గ్రంథాల పట్టిక ద్వారా వెనక్కి వెళ్లవచ్చని అందరికీ తెలుసు, కానీ ముందుకు కూడా వెళ్లవచ్చు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను వెలువరించిన నాటి నుంచి, ఒక పరిశోధన పత్రాన్ని తరువాతి కాలంలో ఎవరెవరు ఉదహరించారో క్రమపద్ధతిలో చూసే వీలు కలిగింది. పదేళ్ల కిందటి ఒక నిర్ధారణ ఇప్పటికీ నిలిచి ఉందా, ఎవరైనా ఖండించారా అన్నది తెలుసుకోవడానికి ఇది మంచి మార్గం. ఈ సౌకర్యం నేడు అనేక డేటాబేసులలో ఉంది.

ఇవన్నీ ఒంటరిగా నేర్చుకోనక్కరలేదు. గ్రంథాలయంలో అన్నిటికంటే విలువైనది రిఫరెన్స్ విభాగంలో కూర్చునే గ్రంథపాలకుల సహాయమని నా దృఢ విశ్వాసం. "నీటి మీద పుస్తకాలు ఎక్కడున్నాయి?" అని విద్యార్థి అడిగితే, అనుభవమున్న గ్రంథపాలకులు వెంటనే బీరువా వైపు వేలు చూపరు. ఏ పనికి కావాలి, ఏ కోణం నుంచి, ఎంత లోతుగా, ఎప్పటిలోగా అని తిరిగి అడుగుతారు. ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పేసరికి తనకు నిజంగా ఏం కావాలో విద్యార్థికే స్పష్టమవుతుంది. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర ఐదు సూత్రాలలో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్నదే. కావలసిన పుస్తకం తమ వద్ద లేకపోతే అంతర గ్రంథాలయ సేవ ద్వారా మరో గ్రంథాలయం నుంచి తెప్పించడం, కొనుగోలుకు పాఠకుల సిఫారసులు స్వీకరించడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. అడిగితే ఏమనుకుంటారోనన్న బిడియంతో విద్యార్థులు ఈ సేవలకు దూరంగా ఉండిపోవడం తగదు.

పాత పత్రికల సంచికలు, అముద్రిత సిద్ధాంత వ్యాసాలు, రాతప్రతుల వంటి ప్రత్యేక సేకరణల గురించి ఒక్క మాట. ఆమ్లగుణమున్న చౌక కాగితంపై అచ్చయిన దినపత్రికలు పసుపుబారి పెళుసెక్కుతాయి కనుకనే వాటిని మైక్రోఫిల్మ్‌గానో డిజిటల్ రూపంలోనో భద్రపరుస్తారు. చదవడానికి ముందుగా అనుమతి తీసుకోవడం, పెన్ను బదులు పెన్సిలు వాడటం వంటి నిబంధనలు విసుగు పుట్టించినా, ఆ ప్రతి మరొకరికి మిగలాలంటే అవి తప్పవు.

కొత్త విద్యార్థులను చేరిన తొలి వారంలో గ్రంథాలయమంతా తిప్పి చూపించే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. అప్పటికి వారి దగ్గర ప్రశ్నే ఉండదు కాబట్టి అందులో మనసున నిలిచేది స్వల్పం. మొదటి వ్యాసం రాయాల్సి వచ్చినప్పుడు, ఆ వ్యాసాంశాన్నే తీసుకుని, అధ్యాపకులూ గ్రంథపాలకులూ కలిసి తరగతి నిర్వహించాలి. విద్యార్థి ఏ మాటలతో వెతికాడో, దేన్ని ఎందుకు ఎంచుకున్నాడో ఒక పేజీలో రాయించి, దానికీ మార్కులు కేటాయించాలి. వాడకం తక్కువగా నమోదైన పత్రికల చందాలే నిధుల కొరత వచ్చినప్పుడు ముందుగా రద్దయ్యే ప్రమాదం ఉంది కనుక, అధ్యాపకులు కేవలం నోట్సుతో పూర్తికాని పనులు విద్యార్థులకు ఇవ్వాలి. విశ్వవిద్యాలయాల పాలకమండళ్లు వచ్చే విద్యా సంవత్సరం పాఠ్యప్రణాళికలు ఖరారు చేసేలోగా ఈ సూచనలను పరిశీలించాలనీ, ఈ బోధనకు తగినంతమంది అర్హులైన గ్రంథపాలకులను నియమించాలనీ మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు