పక్క మంచం పెద్దమ్మకు

బాపు ఇంటికొచ్చాడు. స్ట్రెచర్ మీదే, కానీ వచ్చాడు. ఇప్పుడే నాలుగు ముద్దలు తిని పడుకున్నాడు. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా ఇది రాయందే నిద్ర పట్టేలా లేదు.

బాపు గీత కార్మికుడు. తాటిచెట్టు మీద మోకు జారి కింద పడ్డాడు. నడుములో ఎల్1 అనే ఎముక నుజ్జయింది. వెన్నుపాము చిటికెన వేలు మందమే ఉంటుందట. దాదాపు 45 సెంటీమీటర్లు కిందికి దిగి ఆ ఎల్1, ఎల్2 దగ్గరే అయిపోతుందట. అక్కడి నుంచి కాళ్లకూ మూత్రాశయానికీ పోయే నరాలు గుర్రం తోకలా దిగుతాయట. బాపుకు దెబ్బ తగిలింది సరిగ్గా ఆ కొసన. డాక్టర్ గారు గుండుసూదితో గుచ్చి చూసి, "మలద్వారం చుట్టూ స్పర్శ కొంచెం ఉంది, వెన్నుపాము పూర్తిగా పోలేదు" అన్నప్పుడు వార్డులోనే కూలబడి ఏడ్చాను. రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేసిన ఆ చేతులకు మొక్కుతున్నాను.

అమ్మ, తమ్ముడు, మేనమామలు ఎలాగూ ఉన్నారు, చేశారు. వాళ్లకు వేరే ఏం చెప్పను?

నేను చెప్పాల్సింది పక్క మంచం పెద్దమ్మ గురించి. ఆమె భర్తకు మెడ దగ్గర దెబ్బ, ఏళ్లుగా మంచంలోనే. పుండు మానక మళ్లీ తీసుకొచ్చారు. బాపును వార్డుకు మార్చిన రాత్రి ఆమె లేచొచ్చి, "బిడ్డా, ఇట్లనే పండవెడితే పుండు వడ్తది. రా, చూపిస్త" అంది. ఒక చెయ్యి భుజం మీద, ఒకటి తుంటి మీద వేసి, నన్ను మోకాళ్లు పట్టుకోమంది. భుజం, తుంటి ఒక్కసారే కదలాలి, నడుము మెలిపడకూడదు. మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి, మడమలు పరుపుకు తగలకూడదు. రెండు గంటలకోసారి ఇలా తిప్పాలి. ఆమె ఫోన్ లైటు వేసి నడుము కింద ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి చూపించింది. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే పర్లేదు, నొక్కినా ఎరుపు పోకపోతే ఆ పక్కకు పడుకోబెట్టొద్దు అంది.

ఒక తెల్లవారుజామున బాపుకు తెలియకుండానే పక్క పాడైంది. నాకు చేతులు ఆడలేదు. బాపు గోడ వైపు మొహం తిప్పుకుని ఏడుస్తున్నాడు. పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోకుండా మొత్తం శుభ్రం చేసింది. "తమ్మీ, సిగ్గువడకు. నీ సొంత అక్క ఉంటె చెయ్యకపోవునా?" అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది. మా కులమేంటో, ఊరేంటో కూడా ఆమె అడగలేదు.

ఒకరోజు ఆమె భర్తకు తలపోటు వచ్చి మొహమంతా చెమట పట్టింది. వెంటనే ఆయన్ని లేపి కూర్చోబెట్టి, తొడ కింద మడతపడ్డ మూత్రం పైపు సరిచేసింది. మెడ దెబ్బ ఉన్నవాళ్లకు మూత్రం ఆగితే బీపీ ప్రమాదంగా పెరుగుతుందట. "మాకు ఎవ్వలు చెప్పలే బిడ్డా, ఎముక కనవడేదాక పుండు అయినంక తెలిసింది" అంది.

కోపం ఇక్కడే వస్తుంది. ఇవన్నీ చెప్పాల్సింది పక్క మంచం మనిషా? మా డిశ్చార్జి కాగితంలో "ఫిజియోథెరపీ" అని ఒక్క ముక్క రాశారు. ఎక్కడ, ఎవరు చేస్తారు? మా మండలంలో ఎవరూ లేరు. కూర్చోలేని మనిషిని వికలాంగుల సర్టిఫికెట్ కోసం క్యాంపుకు తీసుకురమ్మంటున్నారు. 1954లో కారు ప్రమాదంలో కాళ్లు పడిపోయినా చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ పూనుకోబట్టి, తమిళనాడులోని వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో 1966 నుంచే వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు పునరావాస కేంద్రం ఉంది. మనకు జిల్లాకొకటి ఎందుకు లేదు?

అయ్యో, ముఖ్యమైన వాళ్లను మర్చిపోయాను. చెట్టు కింద బాపును ఎవరూ ఎత్తకుండా ఆపిన తోటి గీత కార్మికులు, నడుము వంగకుండా ఒకేసారి దొర్లించి పలక మీదికి చేర్చిన 108 తమ్ముళ్లు. రక్తం ఇచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు. రాత్రి డ్యూటీ కేరళ సిస్టర్. మా బర్రెలకు గడ్డి వేసిన ఎదురింటి వాళ్లు. క్యాంటీన్‌లో వేడినీళ్లకు డబ్బులు తీసుకోని అన్న. ఇంకెవరైనా మిగిలితే కోపం చేసుకోకండి, రేపు లేవగానే రాస్తాను. ఇప్పుడు బాపును ఎడమ పక్కకు తిప్పే టైమైంది.