యూనిఫాం డబ్బులు ఎవరివో సంతకానికి ముందే తేల్చుకో

శ్రావ్యా,

ఈఎంటీ సర్టిఫికెట్ (అంబులెన్స్‌లో అత్యవసర వైద్యసాయం చేసే పనికి అర్హత) చేతికొచ్చింది, డల్లాస్‌లో ప్రైవేటు అంబులెన్స్ కంపెనీ ఆఫర్ ఇచ్చిందని చెప్పావు. చాలా సంతోషం. మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లో చూపించడానికి రోగుల దగ్గర పనిచేసిన గంటలు కావాలనే చేరుతున్నావని తెలుసు. కానీ చేసేది అసలు సిసలు ఉద్యోగం, రోగిని మోసే ఉద్యోగం. అందులో ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది: ఒంటిమీద వేసుకునే బట్టలకు డబ్బు ఎవరు పెడతారు, చిరిగితే ఎవరు మారుస్తారు, రక్తం పడితే ఎవరు ఉతుకుతారు. కాస్త పొడుగ్గా రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందు లెక్క. మూడు చొక్కాలు, మూడు ఈఎంఎస్ (అత్యవసర వైద్య సేవల) ప్యాంట్లు, బెల్టు, బూట్లు, ఒక జాకెట్. ప్యాంటు ఒక్కటే 60 నుంచి 90 డాలర్లు, మంచి బూట్లు 120 నుంచి 180. అన్నీ కలిపితే సులువుగా 600 దాటుతుంది. కొత్తగా చేరిన ఈఎంటీ జీతానికి ఇది చిన్న దెబ్బేం కాదు. కంపెనీలు దీన్ని నాలుగు రకాలుగా నడుపుతాయి. కొన్ని బట్టలు వాళ్లే ఇస్తాయి. కొన్ని ఏడాదికింత అని అలవెన్సు ఇస్తాయి. కొన్ని నువ్వు కొనుక్కుని రసీదు పెడితే తిరిగి ఇస్తాయి. ఇంకొన్ని పేచెక్‌లోంచి కోసుకుంటాయి. నీది ఏ రకమో హెచ్‌ఆర్‌ని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకో. నోటిమాట నీటిమూట, రెణ్ణెల్లకి ఆ హెచ్‌ఆర్ మనిషే మారిపోవచ్చు.

చట్టం నిన్ను ఎంతవరకు కాపాడుతుందో కూడా తెలుసుకో, ఎందుకంటే చాలామంది అనుకున్నంత కాపాడదు. కాలిఫోర్నియాలో యూనిఫాం తప్పనిసరి అన్న యజమానే దాని ఖర్చు భరించాలి. నువ్వు చేరబోయే డల్లాస్ ఉన్న టెక్సస్‌లో అలా లేదు. అక్కడ నీకున్న రక్ష ఫెడరల్ చట్టమే: యూనిఫాం ఖర్చు వల్ల నీ వేతనం ఫెడరల్ కనీస వేతనం, అంటే గంటకు 7.25 డాలర్ల కంటే తగ్గకూడదు, ఓవర్‌టైమ్ రావలసిన వారంలో ఆ ఓవర్‌టైమ్‌కి గండి పడకూడదు. నీకు గంటకు 15 డాలర్లు అనుకో. వారానికి 40 గంటలు చేస్తే నీ జీతం 600, కనీస వేతనం లెక్కన 290. మధ్యలో ఉన్న 310 వరకూ కోసినా ఆ చట్టం అడ్డుపడదు.

అయితే ఈ లెక్క వారం వారం విడిగా చూడాలి, పేచెక్ రెండు వారాలకోసారి వచ్చినా సరే. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. మొదటి వారం ఓరియెంటేషన్ పేరుతో 8 గంటలే పని ఉంటుంది. జీతం 120, కనీస వేతనం 58. అంటే ఆ వారంలో 62 డాలర్లకు మించి యూనిఫాం భారం నీమీద పడకూడదు. అదే వారం లెక్కలో 200 కోశారంటే అది చట్టవిరుద్ధం. ‘మేం కోయలేదు, ఆ అమ్మాయే షాపులో కొనుక్కుంది’ అన్నా చెల్లదు. కంపెనీ తప్పనిసరి అన్న యూనిఫాంకి నీ జేబులోంచి పెట్టినా లెక్క అదే. మామూలు నల్ల ప్యాంటు, ఎక్కడైనా వేసుకోదగ్గది, తెచ్చుకోమంటే మాత్రం దాన్ని యూనిఫాం అనరు.

టెక్సస్‌లో జీతంలోంచి కోయాలంటే నీ రాతపూర్వక అనుమతి కావాలి. ఆ కాగితంలో దేనికి కోస్తున్నారో, సుమారు ఎంతో ఉండాలి. చేరిన రోజు ముందు పెట్టే కట్టలో ‘కంపెనీకి నేను బాకీపడ్డది ఏదైనా’ అని ఒక్క వాక్యంతో కాగితం కనిపిస్తే ఆగు. యూనిఫాం, ఇంత మొత్తం, ఇన్ని పేచెక్‌లలో అని రాయించుకుని అప్పుడు సంతకం పెట్టు. కొంతమంది మొహమాటపడతారు, కొత్త ఉద్యోగం కదా అని. ఆ మొహమాటం ఖరీదు నువ్వే కట్టాలి. తేడా వస్తే టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌లో వేతన ఫిర్యాదుకి గడువు 180 రోజులు, ఫెడరల్ చట్టం కింద రెండేళ్లు. ప్రతి పే స్టబ్ (జీతం లెక్క చూపే చీటీ) దాచుకో.

ట్యాక్స్ రిటర్న్‌లో యూనిఫాం ఖర్చు చూపించుకుందాంలే అని మాత్రం అనుకోకు. ఉద్యోగులకు ఆ మినహాయింపు ఫెడరల్ పన్నులో 2018 నుంచి లేదు. రసీదులు కంపెనీకి ఇచ్చి తిరిగి రాబట్టుకోవడానికే. రసీదు మీద వచ్చిన డబ్బుకి సాధారణంగా పన్ను పడదు, కానీ జీతంతో కలిపి ఊరికే ఇచ్చే అలవెన్సు మీద పడుతుంది. ఖర్చు పెట్టిన 60 రోజుల్లోపు రసీదు పెట్టెయ్.

ఇప్పుడు అసలు సంగతి, రక్తం. నీ చొక్కా, ప్యాంటు చట్టం దృష్టిలో రక్షణ వస్త్రాలు కావు, పని బట్టలే. గ్లోవ్స్, గౌను, కళ్లద్దాలు, మాస్కు, ఇవి రక్షణ సామగ్రి. వీటిని ఇవ్వడం, మార్చడం, పారేయడం అన్నీ ఓషా (పనిచోట భద్రత చూసే ఫెడరల్ సంస్థ) బ్లడ్‌బోర్న్ పాథోజెన్స్ నిబంధన, అంటే రక్తం ద్వారా సోకే క్రిముల నిబంధన ప్రకారం కంపెనీ ఖర్చే. రోడ్డు మీద వేసుకునే మెరుపు వెస్టు కూడా కంపెనీయే ఇవ్వాలి. ఫెడరల్ నిధులు అందే హైవేల మీద 2008 నవంబరు 24 నుంచి అది తప్పనిసరి. వెస్టు లేబుల్ మీద ఎన్ని ఉతుకులు ఆగుతుందో ఉంటుంది, చదువు. బ్లీచ్, ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ తగిలితే ఆ పట్టీల మెరుపు పోతుంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, రాత్రి హెడ్‌లైట్లలో మాత్రం కనిపించదు.

పని బట్టలమీదకు రక్తం చేరిందనుకో. వీలైనంత త్వరగా విప్పెయ్యాలి. బండిలో గానీ స్టేషన్ సింకులో గానీ జాడించకు, జాడిస్తే చిందుతుంది. విప్పినచోటే ఎర్ర సంచిలో గానీ బయోహజార్డ్ గుర్తున్న సంచిలో గానీ వేసి మూతి కట్టు. ఆ బట్టలు ఉతికించే బాధ్యత కంపెనీది. ఇంటికి తెచ్చుకుని ఉతుక్కోమని వాళ్లు చెప్పకూడదు, వాళ్లు చెప్పినా నువ్వు తేకూడదు. వాషింగ్ మెషిన్‌లో నాన్నమ్మ చీరలు, తమ్ముడి బట్టలు కూడా పడతాయి మరి. రక్తం గుడ్డ దాటి ఒంటికి తగిలి, అక్కడ గాయం గానీ పగులు గానీ ఉంటే సబ్బుతో కడిగి వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పు. ఆ తర్వాత చేయించే పరీక్షలకు నీ దగ్గర పైసా తీసుకోకూడదు.

ఇక్కడొక మెలిక ఉంది. ఉతికించాల్సింది కంపెనీయే, సరే. కానీ నువ్వు కొనుక్కున్న ప్యాంటు మరక పోక పాడైతే కొత్తది ఇవ్వాలని ఆ నిబంధన సూటిగా చెప్పదు. కంపెనీ పాలసీలో ఉంటేనే వస్తుంది. అందుకే హెచ్‌ఆర్‌ని అడిగే ప్రశ్నల్లో ఇదీ ఉండాలి: డ్యూటీలో పాడైతే మార్చి ఇస్తారా, ఎన్ని రోజుల్లో, ఎవరి సంతకం కావాలి. పాడైన రోజే ఫొటో తీసి, రన్ నంబరుతో (ఆ అంబులెన్స్ కాల్‌కి ఇచ్చిన నంబరు) సూపర్‌వైజర్‌కి ఈమెయిల్ పెట్టు. ఫొటోలో రోగి గానీ, రోగి పేరున్న కాగితం గానీ పడకూడదు.

అందుకే స్టేషన్‌లో ఎప్పుడూ ఒక పూర్తి జత ఉంచుకో. చొక్కా, ప్యాంటు, లోదుస్తులు, రెండు జతల సాక్సులు జిప్ కవర్‌లో పెట్టి. 12 గంటల షిఫ్టుకి ఒక జత చాలు, 24 గంటలకి రెండు ఉండాలి. వారానికి మూడు షిఫ్టులంటే మూడు చొక్కాలతో సరిపోతుందనిపిస్తుంది గానీ నాలుగోది లేకపోతే తడిబట్టలే గతి.

బట్టలు ఎక్కడ పోతాయో చెప్తా. ప్యాంటు మొట్టమొదట పోయేది కాళ్ల మధ్య కుట్టు దగ్గర. మోకాళ్లమీద కూర్చుని, అక్కడినుంచే బరువెత్తి లేచే పని కదా. అక్కడ గసెట్ అనే విడి ముక్క వేసి కుట్టినదే కొను. మోకాళ్ల దగ్గర రెండు పొరలుండాలి. పాలిస్టర్ 65, కాటన్ 35 పాళ్ల రిప్‌స్టాప్ గుడ్డయితే చిన్న చిరుగు పాకదు. స్టాకులో ఉన్నాయి కదా అని మగవాళ్ల ప్యాంట్లు అంటగడితే తీసుకోకు. నడుము వదులై, తుంటి దగ్గర బిగిసి, కుట్టు ఇంకా త్వరగా తెగుతుంది. ఆడవాళ్ల కటింగ్‌లో ఆర్డరు పెట్టమని ముందే చెప్పు, రావడానికి వారాలు పట్టొచ్చు.

ఇంకొకటి, నేవీ బ్లూ ప్యాంటుమీద తొడ దగ్గర నారింజ రంగు మచ్చలు. స్ట్రెచర్ తుడిచే బ్లీచ్ వైప్స్ వల్ల వస్తాయవి. తుడిచిన పట్టీ ఆరకముందే ఆనుకుంటే చాలు, మచ్చ పడిపోతుంది, ఏం చేసినా పోదు. తుడిచాక లేబుల్ మీద రాసినంతసేపు తడిగా ఉండనివ్వాలి, ఆ తర్వాత ఆరనివ్వాలి. అప్పటిదాకా దూరంగా నిలబడు.

బూట్ల విషయంలో పిసినారితనం వద్దు. పక్కన జిప్ ఉన్నవి వేసుకోవడానికి సుఖమే, కానీ ముందు చెడేది ఆ జిప్పే. ఇసుక చేరి పళ్లు వంగుతాయి. పాత టూత్‌బ్రష్‌తో దులిపి కొవ్వొత్తి మైనం రుద్దు. కాలివేళ్ల దగ్గర గట్టి కవచం ఉన్న మామూలు బూట్లను బయట కూడా వేసుకోనిస్తే, వాటి ఖర్చు కంపెనీ పెట్టుకోనక్కర్లేదని ఓషా మినహాయింపు ఉంది. అందుకే చాలాచోట్ల బూట్లు నీ నెత్తినే పడతాయి. మడమ వైపు అడుగు అరిగి నున్నబడిందంటే మార్చెయ్. తడి ఫ్లోర్ మీద స్ట్రెచర్ కాళ్లవైపు పట్టుకుని జారితే కిందపడేది నువ్వొక్కదానివే కాదు.

టెక్సస్ నియమం ప్రకారం డ్యూటీలో నీ ఇంటిపేరు, పేరులో మొదటి అక్షరం, సర్టిఫికేషన్ స్థాయి, కంపెనీ పేరు స్పష్టంగా కనిపించాలి. రేపు ఈఎంటీకి పై స్థాయి అయిన పారామెడిక్ అయితే ప్యాచ్‌లన్నీ (చొక్కామీద కుట్టే గుర్తులు) మార్చాలి. ఆ ఖర్చు ఎవరిదో కూడా ఇప్పుడే అడుగు.

మానేసేటప్పుడు చొక్కాలు, జాకెట్, బ్యాడ్జి, వెస్టు లెక్కపెట్టి అప్పగించి, ఏమేమి ఇచ్చావో రాసిన కాగితం మీద తేదీతో సంతకం తీసుకో. అది లేకపోతే చివరి పేచెక్‌లో ‘యూనిఫాం తిరిగి రాలేదు’ అనే గీత ప్రత్యక్షమవుతుంది. పాత చొక్కాలు కంపెనీ తీసుకోకపోతే ప్యాచ్‌లు ఊడదీశాకే పారేయి. వాటితో ఎవరైనా అంబులెన్స్ మనిషినంటూ ఒక ఇంట్లోకి వెళ్లగలరు.

శనివారంలోపు ఆఫర్ లెటర్, హ్యాండ్‌బుక్‌లో యూనిఫాం పేజీ స్కాన్ చేసి పంపు. చదివి ఫోన్ చేస్తా. అప్పటిదాకా బూట్లు తప్ప ఏదీ కొనకు.

నాన్న