పాత పాటంటే ఏ ఏడాది పాట?

సంపాదకులకు నమస్కారం.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దేశంలో 234 పట్టణాలకు 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. అందులో ఆంధ్రప్రదేశ్‌లో 22 పట్టణాలకు 68, తెలంగాణలో పది పట్టణాలకు 31. మా ఒంగోలు కూడా జాబితాలో ఉంది. సంతోషమే. కానీ ఆ 99 చానళ్లు తిప్పినా అవే నాలుగు కొత్త పాటలు వినాల్సి వస్తుందేమోనని నా భయం.

పోయిన వేసవిలో అమ్మా నేనూ హైదరాబాద్‌లో తమ్ముడింట్లో ఉన్నాం. ఒక ఎఫ్‌ఎంలో రాత్రికి పాత పాటలు వేస్తామని చెబితే, 78 ఏళ్ల మా అమ్మ తొందరగా అన్నం తినేసి వచ్చి కూర్చుంది. మొదట వేసిన పాట నా పెళ్లయిన ఏడాదిది, 1996. తర్వాతిది మావాడు ఒకటో తరగతిలో చేరినప్పటిది. "ఇవి పాతవైతే మరి నేనేంటే?" అంటూ లేచి వెళ్లి పడుకుంది.

ఇలాంటి స్టేషన్లు మూతపడితే కనీసం ఫలానా రోజు పోయిందని తెలుస్తుంది. ఇవి మూతపడవు. బోర్డు అలాగే ఉంటుంది, లోపల సరుకు మారిపోతుంది. న్యూయార్క్‌లో డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎం 1972 నుంచి పాత పాటలకే పేరుపడ్డ స్టేషన్. 2005 జూన్‌లో యాజమాన్యం ఉన్నట్టుండి ఆ పద్ధతి ఎత్తేసింది. శ్రోతలు గొడవ చేశారు. రెండేళ్లకు, 2007 జులైలో, పాత పాటలు మళ్లీ వచ్చాయి. అయితే ఏళ్లు గడిచేకొద్దీ యాభైలు, అరవైల పాటలు జారిపోయి వాటి చోట్లోకి ఎనభైలు, తొంభైలు వచ్చి కూర్చున్నాయి. కారణం పెద్ద రహస్యమేం కాదు. అక్కడ ప్రకటనలిచ్చే కంపెనీలు ఎక్కువగా లెక్కపెట్టేది 25 నుంచి 54 ఏళ్ల వాళ్లని. 55 నిండిన శ్రోత రోజంతా రేడియో విన్నా వాళ్ల పద్దులో ఉండడు. మన దగ్గర జరుగుతున్నదీ దాదాపు ఇదేనని నాకనిపిస్తుంది. టూత్‌పేస్టు మా అమ్మ కూడా కొంటుందని ఎవరైనా ఆ కంపెనీలకు చెబితే బాగుండు.

యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయిగా అంటారు పిల్లలు. ఉన్నాయి, వెతకడానికి పాట పల్లవి గుర్తుండాలంతే. ఒకసారి వింటే చాలు, ఆ పదీ పన్నెండు పాటలే తిప్పి తిప్పి చూపిస్తుంది. ఆడని సినిమాల్లో పాటలు ఈ రోజుకీ మన నోళ్లలో ఉన్నాయంటే అది రేడియో చలవే. సినిమా వారానికే హాల్లోంచి వెళ్లిపోయినా పాట మాత్రం ఏళ్ల తరబడి రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వేసే జనరంజనిలో వచ్చేది. పాటకు ముందు రచన ఆరుద్ర, సంగీతం పెండ్యాల, గానం ఘంటసాల, లీల అని చెప్పేవారు. అలా వినీ వినీ, బడి మొహం పెద్దగా చూడని మా అమ్మ బాణీ వింటేనే ఇది సాలూరిదో మాస్టర్ వేణుదో చెప్పేస్తుంది.

రేడియోలో కోరిన పాట దొరక్కపోవడం ఇది మొదటిసారేం కాదు. 1952లో కేస్కర్ గారు సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాట కరువైంది. జనం మంత్రిగారి మీద అలిగి కూర్చోలేదు, ముల్లు శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కి తిప్పారు. తెలుగువాళ్లకు అక్కడ తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఇంట్లో మనిషి గొంతైపోయింది. చివరికి 1957 అక్టోబర్ 3న ఆకాశవాణికి సినిమా పాటలు వేసే వివిధ భారతి మొదలుపెట్టక తప్పలేదు. ఇప్పుడు ముల్లు తిప్పుదామన్నా సిలోన్ లాంటిది లేదు.

అందుకే అడుగుతున్నాను. పాత పాటలని ఊరికే అనకుండా, 1950 నుంచి 1970 వరకు అని ఏళ్లు చెప్పి, ఆకాశవాణి తెలుగు కేంద్రాలు రోజూ ఒకే వేళకు ఒక గంట కేటాయించాలి. క్రికెట్ వచ్చినా, ఎన్నికలు వచ్చినా ఆ గంట జరపకూడదు. ప్రైవేటు వాళ్లకూ ఒక మాట. ఒకే ఊళ్లో ఒక సంస్థ ఒకటికి మించి చానళ్లు తీసుకోవడానికి ప్రభుత్వం కొన్ని పరిమితులతో అనుమతిస్తోంది. అలా రెండోది తీసుకునేవారు దాన్ని కూడా కొత్త పాటలకే వాడితే శ్రోతకు ఒరిగేదేముంది? రెండో చానల్‌లో రోజుకు ఇన్ని గంటలు ఫలానా దశాబ్దం పాటలు వేయాలని లైసెన్సు షరతుల్లోనే రాయాలి.

రాయల్టీ భారమని తప్పించుకోవడానికీ పెద్దగా లేదు. మన చట్టంలో రికార్డు మీద హక్కు 60 ఏళ్లే, కాబట్టి యాభైల నాటి రికార్డులకు అది తీరిపోయింది. సాహిత్యానికీ బాణీకీ మాత్రం ఆ రచయిత, స్వరకర్త పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. ఆ డబ్బు వాళ్ల పిల్లలకు చేరితే మంచిదే కదా.

అమ్మ పెళ్లికి ముందు జనరంజనికి కార్డులు రాసేదట. ఒక్కసారి తన పేరు చదివారని ఇప్పటికీ చెప్పుకుంటుంది. మళ్లీ రాయడానికి సిద్ధంగా ఉంది. ఏ పాట అడగాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. ఏ అడ్రసుకు రాయాలో మీ పత్రికలో వేస్తే చాలు.

— ఒక పాఠకురాలు, ఒంగోలు